నలభై ఒకటి, వెడల్పు

"సాగుతాయి మేడమ్, తొడగ్గా తొడగ్గా," అంటాడు
రువీలో సైకిళ్ళ కొట్టు కుర్రాడు ఖైస్.
ఇది నాలుగో జత.
అడుగున కార్బన్ పలక. అదెలా సాగుతుంది నాయనా,
సాగాల్సింది నా కాలే.

బాపట్లలో మా మేనత్త దానమ్మ
"చేటంత పాదాలే పిల్లా, బియ్యం చెరగొచ్చు" అనేది.
నవ్వేదాన్ని. అప్పుడు హవాయి చెప్పులు,
వేళ్ళు ఎటు పోయినా అడిగేవాడు లేడు.
తర్వాత పదిహేనేళ్ళు వార్డు గచ్చు మీద నిలబడి నిలబడి
ఆ చేటలు ఇంకాస్త పరుచుకున్నాయి.

ఆడవాళ్ళ సైకిల్ బూట్లు ఎవరు కుడతారో గానీ
వాళ్ళింటి ఆడవాళ్ళకి
కాలికి మూడు వేళ్ళే ఉండి ఉంటాయి.
ఒక సైజు పెంచితే మడమ జారుతుంది.
పెంచకపోతే చిటికెన వేలు
పక్కవేలి కింద దూరి కూర్చుంటుంది,
ఆఖరి బస్సులో
ముగ్గురి సీట్లో నాలుగో మనిషిలా.

శుక్రవారం చీకటితోనే
బౌషర్ నుంచి అమెరాత్ కొండ ఎక్కుతాం, ఐదుగురం.
రెండు పక్కలా మాడిన పెనం రంగు రాళ్ళు.
క్లీట్ టక్కున పెడల్లో పడేటప్పుడు బాగానే ఉంటుంది.
మూడో మలుపులో మంట.
నాలుగో మలుపులో చీమలు.
ఆ తర్వాత ఏమీ ఉండదు.
ఆ ఏమీ లేకపోవడం ఎంత హాయో!
నొప్పి పోయిందనుకుని ఇంకా గట్టిగా తొక్కేదాన్ని.

నా ఉద్యోగం ఏమిటో చెప్పలేదు కదూ.
షుగరు రోగుల పాదాలు చూడటం.
సన్నటి నైలాన్ పోగు అరికాలికి ఆనించి
"తెలుస్తోందా?" అని అడగడం.
వాళ్ళు కళ్ళు మూసుకుని చెప్పాలి.
తెలియని చోట ఇంటూ గుర్తు పెడతాను.
రోజుకి ముప్పై పాదాలు,
వచ్చీరాని అరబ్బీలో ముప్పైసార్లు అదే పాఠం:
చెప్పులు సాయంత్రం కొనండి, అప్పటికి కాలు ఉబ్బి ఉంటుంది.
కాగితం మీద పాదం గీసుకుని వెళ్ళండి.
నొప్పి లేదంటే బాగున్నట్టు కాదు.

మామా షంసాకి డెబ్బై రెండు.
(ఇక్కడ మామా అంటే అమ్మ. మొదట్లో నాకు నవ్వాగేది కాదు.)
ఎడమ బొటనవేలు నిరుడు తీసేశారు.
ఆదివారం నేను మందుల బల్ల దాకా వెళ్ళొచ్చేసరికి
"కుంటుతున్నావు" అంది.
లేదన్నాను.
"బూటు విప్పు" అంది,
అచ్చం నేను ఆవిడతో అనే గొంతుతో.

కేసు షీటు వెనక్కి తిప్పింది. నా పెన్నే లాక్కుంది.
స్టూలు మీద కాగితం, కాగితం మీద నా చేట.
గోరింట పండిన వేళ్ళు వణుకుతూ
మడమ చుట్టూ తిరిగి, వంపు దాటి వెళ్ళాయి.
చిటికెన వేలి దగ్గర మాత్రం గీత
కాలికి అంటకుండా, దూరం జరిగి, మళ్ళీ వచ్చి కలిసింది.
వణుకో, కావాలనో.
నేను అడగలేదు.

సాయంత్రం ఏడింటికి
ఆ కాగితం కత్తిరించి ఖైస్ ముందు పెట్టాను.
ఏ బూటులో పరిచినా అంచులు లేస్తున్నాయి,
నిప్పుల మీద అప్పడంలా.
పది పెట్టెలయ్యాయి.
పదకొండోది నిచ్చెనెక్కి తీసి దుమ్ము ఊదాడు.
మగవాళ్ళది, బూడిద రంగు,
రెండేళ్ళుగా ఎవరూ అడగని మోడల్.
"మేడమ్, చూడ్డానికి అంత..." అని నసుగుతున్నాడు.
కాగితం పడుకుంది.
ఎండాకాలం మధ్యాహ్నం చాప మీద మనిషిలా,
ఎక్కడా మడత లేకుండా.
ఈ దేశం వచ్చాక
ధర అడగకుండా నేను కొన్న మొదటి వస్తువు అదే.

మడమ కొంచెం ఆడుతోంది, ఒప్పుకుంటాను.
ఆ సంగతి మందపాటి మేజోళ్ళు చూసుకుంటాయి.

ఈ శుక్రవారం నాలుగో మలుపులో,
కళ్ళు మూసుకోలేదు గానీ,
లోపలికి అడిగాను. తెలుస్తోందా?
తెలుస్తోంది.
రోడ్డు గరుకు, చెమట, మేజోడు కుట్టు,
అన్నిటికన్నా ఆఖర్న,
పిలిస్తే ఎక్కడినుంచో నడిచొచ్చినట్టు
కాస్త ఆలస్యంగా,
చిటికెన వేలు.